సైట్ మొండికేస్తే కుకీలు ఎలా తీయాలి? (హిస్టరీ జోలికి పోకుండా)

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకు ఒకసారైనా ఈ ప్రశ్న వస్తుంది. "సైట్ ఓపెన్ అవ్వట్లేదు, మీకెవరికైనా అవుతోందా?" వెంటనే ఎవరో ఒకరు "కుకీస్ క్లియర్ చెయ్యండి" అని ఒక్క ముక్క పడేసి వెళ్ళిపోతారు. ఎక్కడ క్లియర్ చెయ్యాలి, చేస్తే ఏం పోతుంది, ఏం మిగులుతుంది అని చెప్పేవాళ్ళు ఉండరు. మాది బెంగళూరు మారతహళ్ళి. బిల్డింగులో సగం ఇళ్ళు సాఫ్ట్‌వేర్ వాళ్ళవే. అయినా వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి తలుపు కొట్టేది మాత్రం నా దగ్గరే.

మొన్న మూడో అంతస్తు పెద్దాయన ల్యాప్‌టాప్ తెరిచి అలాగే రెండు చేతులతో పట్టుకుని లిఫ్ట్ దిగి వచ్చారు. అనంతపురం నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఉంటున్నారాయన. "పాపా, మెయింటెనెన్స్ కడదామంటే లాగిన్ అడుగుతాది. ఇస్తే మళ్ళా లాగిన్ పేజీకే పోతాది. పొద్దున్నుంచీ ఇదే ఆట. అంతా క్లియర్ చేసేసినా కూడా." ఏం క్లియర్ చేశారో చూపించమన్నాను. హిస్టరీకి టిక్ పెట్టారు. కుకీల ముందున్న టిక్ మాత్రం ఏరి మరీ తీసేశారు. దాని కింద "చాలా సైట్ల నుంచి సైన్ అవుట్ అవుతారు" అన్న అర్థం వచ్చే మాట చదివి భయపడ్డారట.

ఈ పొరపాటు ఆయనొక్కరిదే కాదు. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇదే. మీరు ఏయే పేజీలు చూశారో రాసుకున్న చిట్టా హిస్టరీ. దాన్ని ఎన్నిసార్లు తుడిచినా సైట్ బాగుపడదు. సైట్ మిమ్మల్ని గుర్తుపట్టడానికి మీ బ్రౌజర్ చేతిలో పెట్టిన చీటీ కుకీ. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. మీ దగ్గరున్న టోకెన్‌కు, వాళ్ళ దగ్గరున్న నంబరుకు పొంతన కుదరకపోతే మిమ్మల్ని లైన్‌లో మళ్ళీ మొదటికే పంపుతారు. మూడోది క్యాష్. డబ్బు కాదు, మళ్ళీ మళ్ళీ దించుకోకుండా బ్రౌజర్ దాచుకున్న సైట్ బొమ్మలు, ఫైళ్ళు. ఈపాటి సిద్ధాంతం చాలు.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఆ సైట్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్. "బ్రౌజరే గుర్తుపెట్టుకుంది" అంటే కుదరదు, ఒకసారి చూసి ఖాయం చేసుకోండి.
- ఓటీపీ వచ్చే ఫోన్, చార్జింగ్‌తో, మీ చేతికి అందేలా.
- సగం నింపిన ఫారం ఏదైనా తెరిచి ఉంటే దాన్ని పూర్తి చేయడమో, సేవ్ చేయడమో.
- ఎర్రర్ స్క్రీన్‌షాట్. తర్వాత అవసరం పడుతుంది.

ముందు ఎర్రర్ ఏమంటోందో చదవండి

చాలామంది ఎర్రర్ పేజీ చదవకుండానే మూసేస్తారు. రోగం పేరు అక్కడే రాసి ఉంటుంది.

లాగిన్ అయ్యాక మళ్ళీ లాగిన్ పేజీకే రావడం, ఇప్పుడే లోపలికి వెళ్ళినా "సెషన్ ఎక్స్‌పైర్డ్" అనడం, "టూ మెనీ రీడైరెక్ట్స్" అనే మాట కనబడడం, ఇవి కుకీల పని అయ్యే అవకాశం ఎక్కువ. 400 నంబరుతో "కుకీ టూ లార్జ్" అనో, 431 అనో వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఒక్కో కుకీ 4 కేబీ దాకా ఉండొచ్చు. ఒక సైటుకు వెళ్ళే కుకీలన్నీ కలిపి ఒకే మూటగా వెళ్తాయి. సైట్లను నడిపే అపాచీ, ఎన్‌జింక్స్ లాంటి సర్వర్లు మామూలు సెట్టింగుల్లో ఆ మూట 8 కేబీ దాటితే తీసుకోవు. నెలల తరబడి పోగైన చీటీలతో సంచీ నిండిపోయిందన్నమాట.

పేజీ సగమే కనబడడం, బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం, అందరికీ కొత్త డిజైన్ వచ్చినా మీకు పాతదే కనబడడం క్యాష్ వల్ల కావచ్చు.

500, 502, 503, 504 వస్తే సైట్ వాళ్ళ సర్వర్ పడుకుంది. మీరు మీ ఇల్లు ఎంత ఊడ్చినా లాభం లేదు, కాసేపాగి చూడండి. 404 అంటే ఆ పేజీయే లేదు. "కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వస్తే ముందు కంప్యూటర్ తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తేదీ సరిగ్గానే ఉన్నా అదే వస్తుంటే ఆ సైట్లో పాస్‌వర్డ్, కార్డు నంబరు ఇవ్వకండి.

బెంగళూరులో ఇంకో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది: ఆఫీసు ల్యాప్‌టాప్, దాని వీపీఎన్ (మీ నెట్‌ను ఆఫీసు దారిలో మళ్ళించేది). ఆఫీసు నెట్ అమెరికా మీదుగా తిరిగి వస్తుంటే కొన్ని సర్కారీ సైట్లు మీరు విదేశంలో ఉన్నారనుకుని తలుపు తీయవు. 403 (లోపలికి రానివ్వం అని అర్థం) వస్తే ముందు వీపీఎన్ ఆపి చూడండి. ఆపనివ్వకపోతే సొంత ఫోన్లో చూసుకోండి. అసలు సొంత బిల్లులు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కట్టకపోవడమే నయం.

పని మొదలు

1. ముందు గట్టి రీలోడ్. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కండి. మ్యాక్‌లో క్రోమ్ అయితే కంట్రోల్ బదులు కమాండ్. దాచుకున్న ఫైళ్ళను పక్కన పెట్టి బ్రౌజర్ పేజీని కొత్తగా దించుకుంటుంది. ఏదీ పోదు, లాగిన్ కూడా అలాగే ఉంటుంది. పాత డిజైన్, చచ్చుబడిన బటన్ లాంటివి చాలావరకు దీంతోనే తీరిపోతాయి.

2. ఇన్‌కాగ్నిటోలో, అంటే పాత కుకీలు వాడకుండా విడిగా తెరుచుకునే విండోలో పరీక్ష. ఈ మెట్టు దాటేయకండి. క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పీ. అప్పటికే ఇన్‌కాగ్నిటో విండోలు తెరిచి ఉంటే అన్నీ మూసి కొత్తగా ఒకటి తెరవండి, ఎందుకంటే అవన్నీ ఒకే కుకీల డబ్బాను పంచుకుంటాయి. అందులో సైట్ తెరిచి లాగిన్ అవ్వండి.

అక్కడ పనిచేస్తే గొడవ మీ బ్రౌజర్ దాచుకున్నదాంట్లోనే ఉంది. 3వ మెట్టుకు పదండి. అక్కడా అదే ఎర్రర్ వస్తే కుకీల తప్పు కాదు, మిగతా మెట్లు చదవనక్కర్లేదు, ఇంకో బ్రౌజర్‌లోనో ఫోన్ డేటా మీదనో చూడండి. ఒక్క మెలిక: క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న సాధనాలు) మామూలుగా ఆగిపోయి ఉంటాయి. కాబట్టి ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ లాంటిది వాడుతుంటే నేరం దానిదీ కావచ్చు. ముందు దాన్ని ఆ సైటుకు ఆపి చూడండి.

తొందరలో ఉంటే పని ఇన్‌కాగ్నిటోలోనే కానిచ్చేయండి, శుభ్రం సంగతి తర్వాత. సంక్రాంతికి ఊరెళ్ళడానికి తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నారనుకోండి. ఏసీకి పొద్దున 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. 9:58కి కుకీల ప్రయోగాలు పెట్టుకోకండి.

3. ఆ సైట్ ట్యాబులన్నీ మూసేసి ఒక్కటే ఉంచండి. ఒక ట్యాబ్‌లో మీరు తీస్తుంటే ఇంకో ట్యాబ్ పాత చీటీని మళ్ళీ రాసి పెట్టే ప్రమాదం ఉంది.

4. ఆ ఒక్క సైట్ కుకీలే తీయండి. అసలు పని ఇది. కంప్యూటర్‌లో క్రోమ్ అయితే:

అడ్రస్ బార్‌లో సైట్ పేరుకు ఎడమ పక్కన చిన్న గుర్తు ఉంటుంది. రెండు అడ్డగీతలు, వాటి మీద రెండు సున్నాలు. 2023కు ముందు అక్కడ తాళం బొమ్మ ఉండేది. పాత వీడియోలు చూసి తాళం కోసం వెతుక్కునేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. దాన్ని నొక్కితే "కుకీస్ అండ్ సైట్ డేటా" వస్తుంది. అందులో "మేనేజ్ ఆన్-డివైస్ సైట్ డేటా". ఒక చిన్న పెట్టె తెరుచుకుని సైట్ పేర్లు వరుసగా కనబడతాయి. మీ సైట్ పేరు ఉన్న ప్రతి వరుసకూ పక్కనున్న చెత్తబుట్ట గుర్తు నొక్కండి. తర్వాత "డన్".

పెద్దాయన ల్యాప్‌టాప్‌లో ఈ పెట్టెలో రెండు వరుసలు కనబడ్డాయి. ఒకటి సైట్ పేరుతో, ఇంకోటి అదే పేరు ముందు "లాగిన్" అని తగిలించి. ఒక్కటే తీస్తే రెండోది మళ్ళీ గిరికీలు కొట్టిస్తుంది. రెండూ తీశాం.

పేజీ నిలబడకుండా తిరుగుతూనే ఉండి ఆ గుర్తు నొక్కనివ్వకపోతే ఇంకో దారి ఉంది. కుడివైపు మూడు చుక్కలు, "సెట్టింగ్స్", "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ", "థర్డ్ పార్టీ కుకీస్". ఆ పేజీలో కిందకు వెళ్తే సైట్లన్నిటి డేటా చూపించే లింకు ఉంటుంది. వెతుకు పెట్టెలో సైట్ పేరులో కొంత కొడితే దాని తాలూకు వరుసలన్నీ బయటపడతాయి, అక్కడే తీసేయొచ్చు.

ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్ గుర్తు నొక్కితే "క్లియర్ కుకీస్ అండ్ సైట్ డేటా" అని నేరుగానే ఉంటుంది. ఈ విషయంలో దానికే నా ఓటు. ఎడ్జ్ కూడా క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీద కట్టిందే కనుక దారి దాదాపు క్రోమ్‌దే. మ్యాక్ సఫారీలో సెట్టింగ్స్, "ప్రైవసీ", "మేనేజ్ వెబ్‌సైట్ డేటా".

5. ఫోన్లో అయితే. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో కూడా అడ్రస్‌కు ఎడమన ఉన్న గుర్తు నొక్కి, కుకీల వరుసలోకి వెళ్ళి చెత్తబుట్ట గుర్తు నొక్కడమే. లేదంటే మూడు చుక్కలు, "సెట్టింగ్స్", "సైట్ సెట్టింగ్స్", "ఆల్ సైట్స్"లోకి వెళ్ళి పేరు వెతకండి. ఫోన్ కన్నడలోనో తెలుగులోనో పెట్టుకున్నవాళ్ళకు ఈ పేర్లు వేరుగా కనబడతాయి. మాటలు వెతక్కుండా గుర్తులను పట్టుకుని వెళ్ళండి.

ఐఫోన్ సఫారీకి దారి ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఐఓఎస్ 18 నుంచి సఫారీని "యాప్స్" లోపలికి మార్చారు. సఫారీ, "అడ్వాన్స్‌డ్", "వెబ్‌సైట్ డేటా". సైట్ పేరు వెతికి ఎడమకు జరిపితే డిలీట్ వస్తుంది. జాగ్రత్త, ఆ దారిలోనే "క్లియర్ హిస్టరీ అండ్ వెబ్‌సైట్ డేటా" అని ఒకటి కనబడుతుంది. అది మొత్తాన్నీ ఊడ్చేస్తుంది. ఐక్లౌడ్‌లో సఫారీ సింక్ (మీ పరికరాలన్నిటిలో డేటా ఒకేలా ఉంచేది) ఆన్‌లో ఉంటే మీ ఐప్యాడ్, మ్యాక్‌లలో హిస్టరీ కూడా పోతుంది.

6. బ్రౌజర్ మూసి, మళ్ళీ తెరిచి, అడ్రస్ చేత్తో టైప్ చేయండి. బుక్‌మార్క్ నుంచి, పాత మెసేజ్‌లోని లింకు నుంచి వెళ్ళకండి. కొన్నిసార్లు ఆ లింకులోనే పాత సెషన్ తోక అతుక్కుని ఉంటుంది. కుకీలు తీసి, అదే బుక్‌మార్క్ నొక్కి, అదే ఎర్రర్ చూసి "నువ్వు చెప్పింది పనిచెయ్యలేదు" అన్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

7. అప్పటికీ దారికి రాకపోతేనే మొత్తం క్లియర్. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్. టైమ్ దగ్గర "ఆల్ టైమ్" ఎంచుకోండి. "లాస్ట్ అవర్" అని ఉంచేస్తే నెల క్రితం చేరిన కుకీ హాయిగా అక్కడే కూర్చుంటుంది. టిక్ పెట్టాల్సినవి రెండే: కుకీలు, క్యాష్. హిస్టరీ టిక్ తీసేయండి. "పాస్‌వర్డ్స్", "ఆటోఫిల్" టిక్కులు లేవని రెండుసార్లు చూసుకోండి.

ఇది చేస్తే మెయిల్, వాట్సాప్ వెబ్, ఆఫీసు లాగిన్, షాపింగ్ సైట్లు దాదాపు అన్నిటి నుంచీ బయటపడతారు. క్రోమ్‌కు ఇచ్చిన గూగుల్ అకౌంట్ మాత్రం సాధారణంగా అలాగే ఉంటుంది. ఒకసారి వైట్‌ఫీల్డ్ ఆఫీసులో లంచ్ టైమ్‌లో నేను ఇలాగే మొత్తం ఊడ్చేశాను. ఆఫీసు లాగిన్ కోడ్ అడిగింది. ఆ కోడ్ వచ్చే ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంది. కుందలహళ్ళి గేటు మీదుగా ఇంటికి వెళ్ళి వచ్చేసరికి మీటింగ్ అయిపోయింది. పైన "ఫోన్ చేతికి అందేలా" అని రాసింది అందుకే.

ఎక్కువమంది చేసే తప్పులు

హిస్టరీ సంగతి చెప్పేశాను. సింక్ ఆన్‌లో ఉంటే దాంతో ఇంకో నష్టం కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లో హిస్టరీ తీస్తే అదే అకౌంట్ ఉన్న ఫోన్లో కూడా పోతుంది. కుకీలు అలా కాదు, ఏ పరికరంలో ఉన్నవి ఆ పరికరంలోనే తీయాలి.

ఒక బ్రౌజర్ ఎర్రర్ చూపిస్తుంటే ఇంకో బ్రౌజర్ శుభ్రం చేయడం కూడా మామూలే. ఫోన్లో క్రోమ్ అంతా తుడిచి, లింకు నొక్కితే తెరుచుకునేది మాత్రం ఫోన్ కంపెనీ ఇచ్చిన వేరే బ్రౌజర్. ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌ల లోపల తెరుచుకునే పేజీ కుకీలు కూడా వేరు. అలాగే ఒకే క్రోమ్‌లో మీకో ప్రొఫైల్, మీవారికో ప్రొఫైల్ ఉంటే కుడివైపు పైన గుండ్రటి బొమ్మ ఎవరిదో చూసుకుని మొదలుపెట్టండి.

ఇక యాప్. సైట్ కాకుండా యాప్ మొరాయిస్తే బ్రౌజర్ కుకీలకూ దానికీ సంబంధం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ స్టోరేజ్‌లోకి వెళ్తే రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. "క్లియర్ క్యాష్" నొక్కండి, పరవాలేదు. "క్లియర్ డేటా" గానీ "క్లియర్ స్టోరేజ్" గానీ ఆలోచించకుండా నొక్కకండి. యూపీఐ యాప్ అయితే సిమ్ వెరిఫికేషన్ మొదటి నుంచీ చేసుకోవాలి. వాట్సాప్ అయితే బ్యాకప్ లేని చాట్లు పోయినట్టే.

"క్లీనర్" యాప్‌లు వేసుకోకండి. బ్రౌజర్‌లోనే ఉచితంగా ఉన్న పనికి ఫోన్ అంతా చూసే అనుమతి బయటివాళ్ళకు ఇవ్వడం ఎందుకు? "కస్టమర్ కేర్ నుంచి, మీ కుకీలు మేమే తీస్తాం, ఈ స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోండి" అని ఎవరైనా కాల్ చేస్తే ఫోన్ పెట్టేయండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కు చేయండి.

డబ్బు కట్ అయి పేజీ ఆగిపోతే

ఈ ఒక్క సందర్భంలో కుకీల మీద చెయ్యి వేయకండి, వెంటనే మళ్ళీ కట్టకండి కూడా. ముందు బ్యాంకు మెసేజ్, స్టేట్‌మెంట్ చూడండి. కట్ అయిందంటే రిఫరెన్స్ నంబరు రాసుకోండి. ఆన్‌లైన్ కార్డు, వ్యాపారికి కట్టే యూపీఐ చెల్లింపుల్లో డబ్బు కట్ అయి వాళ్ళకు నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతట అదే తిరిగి రావాలని 2019లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఉంది. కుకీలు తీసి రెండోసారి కట్టి, రెండూ వెళ్ళిపోయాక రీఫండ్ కోసం తిరగడం కన్నా ఆగడం మేలు.

నిజంగా పోయాయా, బాగైందా? ఇలా చూసుకోండి

సైట్ తెరవగానే మిమ్మల్ని ఎరగనట్టు ఉండాలి. లాగిన్ అడగాలి, ముందు మీరు ఎంచుకున్న భాష మారిపోవచ్చు, "కుకీలకు ఒప్పుకుంటారా" అన్న పట్టీ మళ్ళీ రావచ్చు. ఇవన్నీ మంచి లక్షణాలే. అలా కాకుండా మీ పేరు పెట్టి పలకరిస్తే కుకీలు పోలేదు. తప్పు ప్రొఫైలో, తప్పు వరుసో తీశారు, 4వ మెట్టుకు తిరిగి వెళ్ళండి.

లాగిన్ అయ్యాక అక్కడితో సంతోషించేయకండి. లోపల ఇంకో పేజీకి వెళ్ళండి, ఒకసారి రీఫ్రెష్ కొట్టండి, ట్యాబ్ మూసి మళ్ళీ తెరవండి. ఇన్నిటికీ నిలబడితే పని అయినట్టే. బ్యాంకు సైట్లు ట్యాబ్ మూయగానే బయటకు పంపడం మామూలు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మొదటిసారి పేజీ కాస్త నెమ్మదిగా వస్తుంది, అన్నీ కొత్తగా దించుకుంటోంది మరి.

బ్రౌజర్ మూసిన ప్రతిసారీ అన్ని సైట్లూ లాగిన్ అడుగుతుంటే, మూయగానే డేటా తీసేసే సెట్టింగ్ ఎప్పుడో ఆన్ చేసి ఉంటారు. సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకు పెట్టెలో "సైట్ డేటా" అని కొట్టి అది ఆపేయండి.

బాగైన రెండు రోజులకు మళ్ళీ అదే ఎర్రర్, మళ్ళీ కుకీలు తీస్తే మళ్ళీ బాగవడం... ఇలా మూడుసార్లు జరిగితే తప్పు సైటుదే. వాళ్ళకు రాయండి. "మీ సైట్ పనిచెయ్యట్లేదు" అని రాస్తే "కుకీలు క్లియర్ చేయండి" అనే జవాబు వస్తుంది. అందుకని ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ పేజీలో, ఎర్రర్ నంబరు ఎంత, ఏ బ్రౌజర్, ఇన్‌కాగ్నిటోలో ఏమైంది, కుకీలు ఎన్నిసార్లు తీశారు, ఇవన్నీ నాలుగు లైన్లలో రాసి మొదట తీసిన స్క్రీన్‌షాట్ జత చేయండి. అందులో కార్డు నంబరు, ఫోన్ నంబరు కనబడుతుంటే చెరిపేసి మరీ పంపండి.